బకెట్లో కరిగిన బంగారం కనిపించకపోతే

ప్రశ్న: కంప్యూటర్లు రిపేరు చేస్తుంటాను. ఏళ్ళ తరబడి పోగైన పాత బోర్డులు 14 కిలోలు, ర్యామ్ స్టిక్కులు 40, కొన్ని పవర్ సప్లైలు, హార్డ్ డిస్కులు నా దగ్గర ఉన్నాయి. వీడియోలు చూసి రెండు మదర్‌బోర్డుల్ని ముక్కలు చేసి, నైట్రిక్, హైడ్రోక్లోరిక్ యాసిడ్లు కలిపిన బకెట్లో వేశాను. ఎర్రటి పొగ బాగా వచ్చింది. మూడు రోజులకు ద్రవం ముదురాకుపచ్చగా మారింది, అడుగున తెల్లటి జిగురు మడ్డి చేరింది. సోడియం మెటాబైసల్ఫైట్ వేస్తే బంగారం గోధుమరంగు పొడిగా అడుగుకు దిగుతుందన్నారు, ఏమీ దిగలేదు. వడకడదామంటే కాగితం మూసుకుపోతోంది. పొరపాటు ఎక్కడ జరిగింది? ఈ బకెట్‌ను ఏం చెయ్యాలి? మిగతా సరుకు నుంచి బంగారం తియ్యడానికి సరైన పద్ధతి ఏది?

సమాధానం: ముందు బకెట్ సంగతి చూద్దాం. దాన్ని ఎక్కడా పారబోయకండి. అందులో రాగి, నికెల్, సీసం కరిగి ఉన్నాయి. మీ బంగారం కూడా అందులోనే ఉంది, కాకపోతే చాలావరకు అడుగు మడ్డిలోనూ, ఇంకా కరగని లోహపు ముక్కలమీదా ఉంటుంది.

రెండు మదర్‌బోర్డులంటే సుమారు ఒక కిలో అనుకుందాం. కంప్యూటర్ మదర్‌బోర్డుల్లో టన్నుకు 100 నుంచి 250 గ్రాముల దాకా బంగారం ఉంటుంది. మధ్యరకంగా లెక్కేసినా కిలోకు 150 మిల్లీగ్రాములు. బంగారం సాంద్రత 19.3 కాబట్టి, అదంతా ఒకచోట చేరితే 2 మిల్లీమీటర్ల ఘనం, అంటే ఓ పెద్ద ఆవగింజంత. అదే బోర్డుల్లో రాగి 150 నుంచి 200 గ్రాములు, ఇంకా తగరం, సీసం, నికెల్, ఇనుము ఉంటాయి. యాసిడ్ వీటన్నిటితో పోరాడాకే బంగారం జోలికి వెళుతుంది. వెళ్ళినా అది నిలవదు. ద్రవంలో కరగని రాగి ముక్క ఒక్కటి మిగిలి ఉన్నా, కరిగిన బంగారం దానిమీద నల్లటి పొడిగా తిరిగి పేరుకుంటుంది, దాని బదులు రాగి కరుగుతుంది. రాగి పూర్తిగా అయిపోయేదాకా ఇదే తంతు.

తెల్లటి జిగురు టంకం నుంచి వచ్చింది. తగరం నైట్రిక్ యాసిడ్‌లో మామూలు లవణంగా కరగదు, మెటాస్టానిక్ ఆమ్లం అనే జెల్లీగా మారుతుంది. వడపోత కాగితాన్ని మూసేసేది ఇదే. బంగారపు సన్నటి రేణువుల్ని తనలో చిక్కించుకుని వదలదు కూడా. ఆ తెలుపులో సీసం క్లోరైడు, వెండి క్లోరైడు సైతం ఉంటాయి.

మెటాబైసల్ఫైట్ పని చెయ్యకపోవడానికి ఇంకో కారణం ఉండవచ్చు. ద్రవంలో నైట్రిక్ మిగిలి ఉంటే, మీరు వేసిన పొడిని ముందు అదే తినేస్తుంది. కాస్త బంగారం దిగినా మళ్ళీ కరిగిస్తుంది. అందుకే ఆ పని తెలిసినవాళ్ళు ముందు సల్ఫామిక్ ఆమ్లం వేసి, నురగ రావడం ఆగేదాకా చూసి, నైట్రిక్ లేదని తేలాకే పొడి వేస్తారు.

ద్రవంలో బంగారం ఉందా లేదా అన్నది ఊహించుకోనక్కర్లేదు, తగరం క్లోరైడు పరీక్ష ఉంది. ఒక గ్రాము స్వచ్ఛమైన తగరాన్ని 30 మి.లీ. హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో గోరువెచ్చగా కరగనివ్వండి. సీసాలో చిన్న తగరం ముక్క ఎప్పుడూ మిగిలి ఉండాలి, లేకపోతే గాలి తగిలి కొన్నాళ్ళకు మందు చచ్చిపోతుంది. తెల్లటి వడపోత కాగితంమీద బకెట్ ద్రవం ఒక చుక్క, దాని పక్కనే ఈ మందు ఒక చుక్క వెయ్యండి. రెండూ కలిసినచోట ఊదా లేదా ఊదా-నలుపు రంగు వస్తే బంగారం ఉన్నట్టు. పల్లాడియం (ఇదీ విలువైన లోహమే) ఉంటే పసుపు, గోధుమ, ఆకుపచ్చ ఛాయలు వస్తాయి. నైట్రిక్ ఎక్కువగా ఉంటే ఈ పరీక్షా తప్పుతుంది. కాబట్టి ‘రంగు రాలేదు కనక బంగారం లేదు’ అని వెంటనే తీర్మానించకండి.

ఇక చెయ్యాల్సింది. ఆరుబయట, గాలి మీ వీపు వైపు నుంచి బకెట్ మీదుగా పోయేలా నిలబడి, మందపాటి శుభ్రమైన రాగి కడ్డీని బకెట్లో నిలబెట్టండి. రోజుకు రెండుమూడుసార్లు ప్లాస్టిక్ గరిటెతో కలపండి. నైట్రిక్ మిగిలి ఉంటే మళ్ళీ ఎర్రపొగ వస్తుంది. అప్పుడు దూరం జరిగి, పొగ ఆగేదాకా వదిలెయ్యండి. కొద్దిరోజుల్లో కరిగి ఉన్న బంగారం, పల్లాడియం, మిగిలిన కాస్త వెండి నల్లపొడిగా దిగుతాయి. తగరం పరీక్షలో రంగు రావడం ఆగాక, కడ్డీమీది పొడిని బకెట్లోకే దులిపి, ఓ రోజు కదపకుండా ఉంచి, పైన తేరిన ద్రవాన్ని సన్నటి గొట్టంతో వేరే డబ్బాలోకి లాగండి. నోటితో మాత్రం లాగకండి. అడుగు మడ్డిని, బోర్డు ముక్కల్ని నీటితో కడిగి నీడన ఆరబెట్టి, మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో లేబుల్ అతికించి దాచండి. కడిగిన నీళ్ళు కూడా తేరిన ద్రవంలోకే. మడ్డిని మళ్ళీ యాసిడ్‌లో వేసి ఆవగింజంత బంగారం కోసం ఇంకో బకెట్ విషం తయారుచేసుకోవద్దు. లోహాల్ని శుద్ధి చేసే రిఫైనరీకి సరుకు పంపేటప్పుడు దాన్నీ విడిగా పంపవచ్చు.

ఒక్క విషయంలో చాలా గట్టిగా హెచ్చరిస్తున్నాం. మడ్డిలోని వెండిని అమ్మోనియాతో తీయవచ్చని కొన్నిచోట్ల చూస్తారు. ఆ ప్రయత్నం చెయ్యకండి. వెండి-అమ్మోనియా ద్రావణం నిలవుంటే పేలే పదార్థం ఏర్పడుతుంది. బంగారం క్లోరైడుకు అమ్మోనియా తగిలినా అంతే. అది ఆరాక చిన్న రాపిడికే పేలుతుంది. ఈ పనిచేసే చోట అమ్మోనియా సీసా అసలు ఉండకూడదు. బ్లీచ్ కూడా అంతే, యాసిడ్ తగిలితే క్లోరిన్ వాయువు వస్తుంది.

తేరిన ఆకుపచ్చ ద్రవాన్ని రెండు దశల్లో శుద్ధి చెయ్యాలి. మొదట తుప్పులేని ఇనుప తుక్కు వెయ్యండి. ఇనుము కరుగుతూ రాగిని ఎర్రటి పొడిగా బయటికి నెడుతుంది. మిగిలిన యాసిడ్ ఇనుముతో కలిసి హైడ్రోజన్ వదులుతుంది కాబట్టి మూత బిగించకూడదు, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. ఆకుపచ్చ నీలాలు పోయి లేత రంగుకు వచ్చాక రాగిపొడిని తీసెయ్యండి. తర్వాత సున్నపు తేట గానీ, పలచని కాస్టిక్ సోడా ద్రావణం గానీ కొద్దికొద్దిగా పోస్తూ, పీహెచ్ కాగితంతో పరీక్షిస్తూ పీహెచ్ (ఆమ్ల, క్షార గుణపు కొలత) 9.5, 10 మధ్యకు తేవాలి. ఒక్కసారిగా పోస్తే ద్రవం వేడెక్కి ఎగజిమ్ముతుంది. ఆ స్థాయిలో ఇనుము, నికెల్, మిగిలిన రాగి హైడ్రాక్సైడ్ మడ్డిగా దిగిపోతాయి. ఎంత ఎక్కువ పోస్తే అంత మంచిదనుకుని 12 దాటించారో, సీసం, జింకు మళ్ళీ కరిగి నీళ్ళలోకి వచ్చేస్తాయి. రాత్రంతా ఉంచి వడకట్టి, ఆ మడ్డిని ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్ళకు ఇవ్వాలి. మీ దగ్గర ఇంత పని చేసే వీలు లేకపోతే, ద్రవాన్ని అలాగే గట్టి ప్లాస్టిక్ డబ్బాల్లో, లోపల ఏముందో రాసి, వాళ్ళకే అప్పగించండి.

మీరు చెప్పిన ఎర్రపొగ నైట్రోజన్ డయాక్సైడ్. దాని ప్రమాదం ఏమిటంటే, పీల్చినప్పుడు కాస్త దగ్గు, గొంతు మంట, అంతే. మనిషి బాగానే ఉన్నాననుకుని పడుకుంటాడు. కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాటికి, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఎప్పుడైనా ఆ పొగ గట్టిగా పీలిస్తే, ఒంట్లో బాగున్నా సరే ఆసుపత్రికి వెళ్ళి, ఏ వాయువు పీల్చారో చెప్పి, కనీసం ఒక రోజు డాక్టర్ల కళ్ళముందు ఉండాలి. దుమ్ము మాస్కు దీన్ని ఆపదు. యాసిడ్ ఆవిరికని అమ్మే మామూలు మాస్కు కార్ట్రిడ్జిలు కూడా ఈ వాయువుకు సరిపోవు. ఫ్యూమ్ హుడ్ (విషవాయువుల్ని బయటికి లాగేసే, ల్యాబుల్లో ఉండే ఏర్పాటు) లేనిచోట నైట్రిక్ యాసిడ్ వాడొద్దని మేం చెప్పేది ఇందుకే. ఇంటి పెరడు ఫ్యూమ్ హుడ్ కాదు.

ఇప్పుడు మిగతా సరుకు. మా సలహా సూటిగా చెబుతాం. మీ చేతికి పట్టుబడ్డ విద్య విడదీయడం, వేరుచేయడం. ఈ పనిలో లాభం, భద్రత రెండూ అందులోనే ఉన్నాయి. బంగారాన్ని కరిగించి దించే చివరి అంకం పెద్ద రిఫైనరీలు చేసినంత బాగా ఇంట్లో ఎవరూ చెయ్యలేరు. బెల్జియంలో హోబోకెన్‌లోని యుమికోర్, స్వీడన్‌లో రోన్‌షార్‌లోని బోలిడెన్ వంటి కర్మాగారాల్లో బోర్డుల్ని రాగి కొలిమిలోకి పంపుతారు. కరిగిన రాగి బంగారాన్ని, వెండిని, పల్లాడియాన్ని తనలో కలుపుకుంటుంది. తర్వాత ఆ రాగిని వేరుచేస్తే, విలువైన లోహాలన్నీ మడ్డిగా మిగులుతాయి. ప్లాస్టిక్ కాలినప్పుడు పుట్టే వాయువుల్ని అధిక వేడిలో మండించి, వెంటనే చల్లార్చి, డయాక్సిన్లు అనే విషాలు ఏర్పడకుండా చూస్తారు. బోర్డుల్ని బయట మంటలో కాలిస్తే ఈ జాగ్రత్తలేవీ ఉండవు. బ్రోమిన్ కలిపిన రెజిన్ నుంచి వచ్చే ఆ పొగ, సీసపు ధూళి చుట్టుపక్కల పిల్లల ఒంట్లోకి చేరతాయి. ఘనాలో అగ్బోగ్‌బ్లోషీ, చైనాలో గుయియు లోకానికి తెలిసింది ఇలా బోర్డుల్ని, తీగల్ని కాల్చడం వల్లే. చిప్పుల్లోని బంగారు తీగల కోసం వాటి నల్లటి తొడుగును కాల్చమనే సలహా కూడా ఈ కోవలోదే, పాటించకండి. పైగా 2010 ప్రాంతం నుంచి చాలా చిప్పుల్లో బంగారు తీగ పోయి రాగి తీగ వచ్చింది.

విడదీసేటప్పుడు పవర్ సప్లైతో జాగ్రత్త. ప్లగ్ తీసేసినా దాని పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. 2 కిలోఓమ్‌లు, 10 వాట్ల వైరుచుట్టు రెసిస్టర్‌కు పొడవైన, ఇన్సులేషన్ ఉన్న తీగలు కట్టి, కెపాసిటర్ రెండు కాళ్ళమధ్య పది సెకన్లు ఉంచండి. 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ అయిదు సెకన్లలోనే దాదాపు ఖాళీ అవుతుంది. తర్వాత మీటర్‌తో చూసుకోండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చెయ్యడం అలవాటుంటే మానుకోండి, కరిగిన లోహం కళ్ళలోకి చిమ్ముతుంది. మైక్రోవేవ్ ఒవెన్లు, పాత పిక్చర్ ట్యూబులు వస్తే విప్పకుండా అలాగే పంపించెయ్యండి. ట్యూబు గరాటు భాగపు గాజులో సీసం ఉంటుంది, తెర లోపలి పూత పీల్చకూడనిది.

వేరుచేయడంలో ముఖ్యమైన సూత్రం, ఎక్కువ విలువున్నదాన్ని తక్కువ విలువున్నదానితో కలపకపోవడం. మదర్‌బోర్డులు ఒక పెట్టె, ఫోన్ బోర్డులు ఇంకొకటి, ర్యామ్ వేరే, ప్రాసెసర్లు వేరే. ప్రాసెసర్లలో పింగాణీ తొడుగున్న పాతవి, ఫైబర్ పలకమీది కొత్తవి కలపొద్దు. పవర్ సప్లైల గోధుమరంగు బోర్డుల్లో బంగారం లేనట్టే, వాటి విలువంతా రాగి చుట్టల్లో, అల్యూమినియం హీట్‌సింకుల్లో ఉంటుంది. అవి ఊడదీసి రాగి రాగిగా, అల్యూమినియం అల్యూమినియంగా పెట్టండి. మదర్‌బోర్డులమీది హీట్‌సింకులు, ఇనుప బ్రాకెట్లు, బటన్ సెల్ తప్పక తీసెయ్యాలి. ఇనుము బరువు పెంచి గ్రేడు (కొనేవాళ్ళు ధర కట్టే తరగతి) దించుతుంది, సెల్ నిప్పు ప్రమాదం. హార్డ్ డిస్కులో అల్యూమినియం పెట్టె, చిన్న బోర్డు, నియోడిమియం అయస్కాంతాలు. ఆ అయస్కాంతాలు వేళ్ళను నలిపేంత బలంగా అంటుకుంటాయి. రిలేల్లోని (విద్యుత్‌తో పనిచేసే స్విచ్చులు) వెండి మొనల్ని గీకి, అరగదీసి చూడకండి, పాతవాటిలో వెండితో పాటు కాడ్మియం ఆక్సైడ్ ఉంటుంది.

ర్యామ్ స్టిక్కుల బంగారు అంచుల్ని కత్తిరించే ముందు ఆగి, కొనేవాళ్ళను అడగండి. స్టిక్కు మొత్తంగా ఒక గ్రేడు. అంచు తెగినది చాలా తక్కువ గ్రేడు. ఎంతోమంది అంచులు కత్తిరించి, వాటినుంచి వచ్చిన బంగారం కన్నా, మిగిలిన ముక్కల ధర పడిపోవడంతో ఎక్కువ నష్టపోతారు.

అసలా అంచుల్లో ఎంత ఉంటుందో మీరే లెక్కకట్టవచ్చు. మంచి రకం అంచుల పూత మందం 0.76 మైక్రాన్లు. అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 1.5 మిల్లీగ్రాములు. పల్చటి పూత 0.25 మైక్రాన్లయితే అర మిల్లీగ్రాము. రెండువైపులా కలిపి ఒక్కో స్టిక్కుకు 5 చదరపు సెంటీమీటర్ల బంగారం ఉందనుకుంటే, మీ 40 స్టిక్కుల్లో మొత్తం 100 నుంచి 300 మిల్లీగ్రాములు. బోర్డులమీద అక్కడక్కడ మెరిసే మిగతా ప్యాడ్ల పూత సాధారణంగా 0.05, 0.1 మైక్రాన్ల మధ్యే. దానికోసం యాసిడ్ ముట్టుకోవడం దండగ.

నేర్చుకోవాలన్న ఆసక్తి బలంగా ఉంటే, బంగారాన్ని కరిగించకుండా దాని కింది రాగిని మాత్రం కరిగించే పద్ధతి ఉంది. ఇందులో ఎర్రపొగ రాదు. అంచులున్న పాత నెట్‌వర్క్, సౌండ్ కార్డుల్లాంటివాటితో మొదలుపెట్టండి. రేకు కత్తెరతో బంగారు గీతకు ఒకటి రెండు మిల్లీమీటర్ల లోపు కత్తిరించాలి. చిప్పు, టంకం, చిన్న భాగం ఏదీ రాకూడదు, వస్తే ఆ తగరం గొడవ మళ్ళీ మొదటికొస్తుంది.

అరకిలో అంచులకు 32 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఒక లీటరు, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 100 మి.లీ. చాలు. పాలీప్రొపిలీన్ లేదా గట్టి పాలిథిన్ బకెట్ వాడాలి, లోహం పనికిరాదు. ముందు అంచులు, వాటిపై యాసిడ్, ఆఖర్న పెరాక్సైడ్ కొద్దికొద్దిగా. ద్రవం ఆకుపచ్చకు తిరుగుతుంది, అది రాగి క్లోరైడు. ఇక్కణ్ణుంచి రాగిని కరిగించేది అదే. అక్వేరియం పంపు గొట్టం ముంచి సన్నగా బుడగలు పోనిస్తే గాలిలోని ఆక్సిజన్‌తో దానికి మళ్ళీ జీవం వస్తుంది. పెరాక్సైడ్ ఇంకా ఇంకా పోసి తొందరపెట్టడమే అందరూ చేసే తప్పు. అది క్లోరిన్ పుట్టించి బంగారాన్ని కూడా కరిగిస్తుంది. ద్రవం ముదురు గోధుమకో నలుపుకో తిరిగితే గాలి చాలడం లేదని అర్థం, బుడగలు పెంచండి. మూత వదులుగా ఉంచండి. పని ఆరుబయట జరగాలి, మీ పనిముట్లకు దూరంగా. ఈ యాసిడ్ ఆవిరి గదిలో ఉన్న ఇనుమంతా తుప్పు పట్టిస్తుంది, మీ బెంచిమీది కొత్త బోర్డుల్నీ వదలదు.

వారం, పది రోజులకు బంగారు రేకులు అంచులనుంచి విడిపోయి తేలుతుంటాయి. పెద్ద కన్నాల ప్లాస్టిక్ జల్లెడలో పోస్తే ముక్కలు పైన, రేకులు ద్రవంతో కిందికి. వాటిని వడపోత కాగితంలో పట్టండి. మొదటి కడుగు నీళ్ళతో కాకుండా పలచని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో చెయ్యాలి. నీళ్ళు ముందు తగిలితే తెల్లటి రాగి క్లోరైడు పొడి దిగి రేకుల్ని పట్టుకుంటుంది. ఆ తర్వాత నీళ్ళతో, నీళ్ళలో రంగు పోయేదాకా. విడిపోని అంచుల్ని తర్వాతి విడతలో కలపండి. వాడిన ద్రవం పారేసేది కాదు, తర్వాతి విడతకు అదే పనికొస్తుంది. చివరికి దాన్నీ పైన చెప్పినట్టే ఇనుము, సున్నం పెట్టి శుద్ధి చెయ్యాలి.

రేకుల దగ్గర ఆగిపోండి. ఆరబెట్టి, గాజు సీసాలో వేసి, బరువు రాసి, రిఫైనరీకి ఇవ్వండి. వాటిని కరిగించి దించడం ఫ్యూమ్ హుడ్, శిక్షణ ఉన్నచోట చేసే పని. పలకగా పొయ్యాలని నేరుగా మూసలో వెలిగారంతో కరిగిస్తే వచ్చే ముద్దలో నికెల్, కోబాల్ట్ కలిసి ఉంటాయి, స్వచ్ఛత తెలియక ధర తగ్గుతుంది. రేకులుగానే ఇస్తే ఆ సందేహం ఉండదు.

ఏ దశలోనైనా యాసిడ్‌కు రసాయనాల్ని తట్టుకునే పొడవాటి చేతితొడుగులు, పక్కలు మూసుకునే కళ్ళద్దాలు, దగ్గర్లో ధారాళంగా నీళ్ళు ఉండాలి. కళ్ళలో, ఒంటిమీద పడితే కనీసం 15 నిమిషాలు నీళ్ళతో కడగాలి. వంటసోడా నేలమీద ఒలికినదానికి, చర్మంమీద చల్లడానికి కాదు.

సరుకు అమ్మేటప్పుడు కొన్ని విషయాలు రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. కనీసం ఎన్ని కిలోలు తీసుకుంటారు? ధర గ్రేడును బట్టా, లేక కరిగించి పరీక్షించిన ఫలితాన్ని బట్టా? పరీక్షను బట్టి అయితే, శుద్ధి ఖర్చు ఎంత మినహాయిస్తారు, బంగారంలో ఎంత శాతానికి డబ్బు ఇస్తారు, వెండికి, పల్లాడియానికి, రాగికి లెక్క ఉందా, లేదా? మీ 14 కిలోల్లో రాగి రెండు కిలోల పైనే ఉంటుంది. కొందరు బంగారానికి మాత్రమే లెక్కకట్టి మిగతాది మింగేస్తారు. నమూనా తీసేటప్పుడు మీరు చూడవచ్చా అని కూడా అడగండి. బోర్డుల్లో లోహం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటుంది కనక, మొత్తం సరుకును ముక్కలు చేసి కలిపి తీసిన నమూనాకే విలువ. చేతికందిన ఒక బోర్డు తీసి పరీక్షించి ధర చెబితే ఒప్పుకోకండి. 14 కిలోలకు పరీక్ష ఖర్చు గిట్టకపోవచ్చు. అలాంటప్పుడు గ్రేడు ధరకే అమ్మడం మేలు, లేదా మీలాంటి రిపేరు పనివాళ్ళు మరికొందరితో కలిసి, ఎవరి పెట్టె బరువు వారు ముందే రాసుకుని, ఒకే విడతగా పంపవచ్చు.